పేజీ అసలుదే, చట్టం అమల్లో ఉందా?

(న్యాయ విద్యార్థులు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన న్యాయవాదుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

చట్ట పరిశోధనకు ఇంటర్నెట్‌లో ఏ సైట్లను నమ్మవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. ఒక జాబితా రాసిచ్చేస్తే పది నిమిషాల్లో తేలిపోయే పని. కానీ నేను ఆ జాబితా ఇవ్వను. జాబితా చేతిలో ఉంటే, అందులో ఉన్న సైటు ఏం చెప్పినా తలూపేస్తాం, లేని సైటు ఏం చెప్పినా కొట్టిపారేస్తాం. రెండూ ప్రమాదమే. ప్రభుత్వమే నడిపే సైటులో, అక్షరం పొల్లు పోకుండా ఉన్న పాఠం తీసుకెళ్లి కూడా కోర్టులో తెల్లమొహం వేయొచ్చు. అదెలాగో ఒక కేసు చెబుతాను.

2008లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ముందుకు ఒక పొగాకు కేసు వచ్చింది. ఆర్ వర్సెస్ చాంబర్స్. సుంకం ఎగవేసి తెచ్చిన పొగాకు వ్యవహారంలో ముద్దాయి నుంచి 66,120 పౌండ్లు రాబట్టాలని కింది కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అసలు ఆ సుంకం కట్టాల్సిన బాధ్యత చట్ట ప్రకారం అతనిదేనా అన్నది వివాదం. ప్రాసిక్యూషన్ 1992 నాటి నిబంధనలు చూపించింది. డిఫెన్స్ వాళ్లు ఆ నిబంధనల అర్థం మీదే వాదించారు. కింది కోర్టు జడ్జి వాటినే అన్వయించారు. అప్పీలు కోర్టు కూడా వాటి ఆధారంగానే తీర్పు ముసాయిదా సిద్ధం చేసేసింది. అప్పుడు బయటపడింది: పొగాకు విషయంలో ఆ నిబంధనలు 2001లోనే పోయాయి, వాటి స్థానంలో వేరేవి వచ్చాయి. చెల్లని నిబంధన మీద ఇంతమంది న్యాయనిపుణులు ఇంతకాలం తలలు బద్దలుకొట్టుకున్నారన్నమాట. ఉత్తర్వు రద్దయింది. అమల్లో ఉన్న చట్టం ఏమిటో తెలుసుకోవడం మామూలు పౌరులకే కాదు, కోర్టులకే ఇంత కష్టమైపోయిందేమిటని జస్టిస్ టూల్సన్ ఆ తీర్పులో ప్రత్యేకంగా రాశారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎవరూ దొంగ పత్రం తేలేదు. 1992 నిబంధనల పాఠం నూటికి నూరు పాళ్లు అసలుదే. ఎవరో ఊరూ పేరూ లేనివాడు రాసింది కాదు. అయినా అది ఆ రోజుకి చట్టం కాదు. అందుకని సైటు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు అడుగుతాను: ఏ తేదీకి? ఏ పరిధికి? మీ కేసులో సంఘటన జరిగిన రోజున, ఆ ప్రాంతంలో, ఈ వాక్యం అమల్లో ఉందా? దీనికి జవాబు చెప్పగలిగేలా ఉన్న పేజీ మనకు పనికొస్తుంది. చెప్పలేని పేజీ ఎంత పెద్ద సంస్థదైనా వెతకడం మొదలుపెట్టడానికే తప్ప ఆగిపోవడానికి కాదు.

మన దేశం సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపితే శిక్షించే సెక్షన్ 66ఎ ఐటీ చట్టంలో ఉండేది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆరేళ్లు గడిచాక, 2021 జులైలో, ఆ సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని పిటిషన్ వస్తే కోర్టు నిర్ఘాంతపోయింది. అప్పుడు అటార్నీ జనరల్ చెప్పిన కారణం నాకు ఎప్పటికీ గుర్తుండిపోయేది. చట్టం పుస్తకం తెరిస్తే సెక్షన్ అలాగే ఉంటుంది, సుప్రీంకోర్టు కొట్టేసిందన్న విషయం కింద ఫుట్‌నోట్‌లో ఉంటుంది అన్నారు. అంటే పోలీసు అధికారి చూసింది సరైన పుస్తకమే. ఫుట్‌నోట్ దాకా వెళ్లలేదు. ఇక 66ఎ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇది ఎందుకు జరుగుతుందంటే, కోర్టు ఒక సెక్షన్‌ను కొట్టేసినంత మాత్రాన ఆ అక్షరాలు చట్టంలోంచి చెరిగిపోవు. వాటిని తీసేయాల్సింది చట్టసభ. అది తీసేసేదాకా అక్షరాలు అక్కడే పడి ఉంటాయి. పుస్తకంలో అయితే కనీసం పేజీ అడుగున చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఫోన్‌లో సెక్షన్ ఒక్కటే తెరిస్తే ఫుట్‌నోట్ కోసం కిందికి జరిపేవాళ్లు ఎంతమంది? కాపీ కొట్టి పెట్టుకున్న సైట్లలో ఆ ఫుట్‌నోట్ ఉండకపోవచ్చు కూడా.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. చట్టం ఆమోదం పొందింది, రాష్ట్రపతి సంతకం అయింది, గెజిట్‌లో వచ్చింది. అయినా అమల్లోకి రాలేదు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిందని అందరికీ తెలుసు. ఆ మాట చెప్పిన ఫిబ్రవరి 2024 నోటిఫికేషన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: సెక్షన్ 106లోని రెండో ఉపవిభాగం తప్ప. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ఒకరి చావుకు కారణమై, పోలీసులకు చెప్పకుండా పారిపోయినవారికి పదేళ్ల దాకా శిక్ష వేసేది అదే. లారీ డ్రైవర్లు సమ్మె చేసింది దాని మీదే. సంహిత పాఠం ఎక్కడ చూసినా 106(2) నిక్షేపంగా కనిపిస్తుంది. కానీ ఆ నోటిఫికేషన్ దాన్ని పక్కన పెట్టింది. కాబట్టి దాన్ని ఉటంకించే ముందు, తర్వాత దాన్ని అమల్లోకి తెస్తూ ఇంకో నోటిఫికేషన్ వచ్చిందా అని ఆ రోజుకి ఆ రోజు చూసుకోవాలి. చట్టం పాఠం ఒక పత్రం, అది ఎప్పటి నుంచి అమలు అని చెప్పే నోటిఫికేషన్ మరో పత్రం. చాలా సైట్లు మొదటిది పెట్టి రెండోది వదిలేస్తాయి.

అలాగే, పాత శిక్షాస్మృతి పోయింది కదా అని 420ని 318గా, 302ని 103గా మార్చి రాసేసే పట్టికలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అవి చేతికింద ఉంచుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది. పాత సెక్షన్ గురించి పాత పేజీయే మీకు కావాలి! కొత్తదనం ఒక్కటే గొప్పదనం అనుకుంటే ఇక్కడ బోల్తా పడతారు. పైగా ఆ పట్టికల్లో సెక్షన్‌కు సెక్షన్ ఎదురుగా ఉంటుంది తప్ప, మాటల్లో ఏం మారిందో, శిక్షలో ఏం మారిందో ఉండదు.

పరిధి గురించి కూడా ఒక మాట. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 438వ సెక్షన్ అంటే ముందస్తు బెయిలు. కేంద్ర చట్టం, దేశమంతటికీ ఒకటే అనుకుంటాం. ఉత్తరప్రదేశ్ 1976లో తన సవరణతో ఆ సెక్షన్‌ను తీసేసింది. 2019లో మళ్లీ తెచ్చింది. ఆ నాలుగు దశాబ్దాల పాటు కేంద్ర చట్టం పాఠం ఒక్కటే చదివి అక్కడి కక్షిదారుకు సలహా ఇచ్చినవాళ్లు ఏం చెప్పి ఉంటారో ఊహించుకోండి. రాష్ట్ర సవరణలు ఒక్కో సైటులో ఒక్కో చోట దాక్కుంటాయి. కొన్నింటిలో అసలే ఉండవు.

సరే, మరి అధికారిక సైటు చూస్తే సరిపోదా అంటారు. అధికారికం అన్న మాటలో కూడా రకాలున్నాయి. యూరోపియన్ యూనియన్ తీసుకోండి. 2013 జులై 1 నుంచి అక్కడి అధికార గెజిట్‌కు ఎలక్ట్రానిక్ ప్రతే ప్రామాణికం. అదే యూరోపియన్ యూనియన్ సైటు, యూర్‌లెక్స్, సవరణలన్నీ కలిపి కూర్చిన పాఠాలు కూడా ఇస్తుంది. చదవడానికి అవే హాయి. కానీ వాటి పైన వాళ్లే రాసి పెడతారు: ఇది సమాచారం కోసమే, దీనికి చట్టబద్ధత లేదు, సంస్థలకు దీని మీద బాధ్యత లేదు అని. అదే సైటు, ఒక పేజీకి అధికారం ఉంది, పక్క పేజీకి లేదు. బ్రిటన్ ప్రభుత్వ చట్టాల సైటులో ఇంకా చేర్చాల్సిన సవరణలుంటే పేజీ మీదే హెచ్చరిక కనిపిస్తుంది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. తన లోపం తానే చెప్పుకునే పేజీని, ఏమీ చెప్పకుండా మిలమిలలాడే పేజీ కన్నా ఎక్కువ నమ్ముతాను. అమెరికాలో అయితే ఫెడరల్ కోడ్‌లోనే కొన్ని టైటిల్స్ స్వయంగా చట్టం, మిగతావి చట్టానికి ప్రాథమిక సాక్ష్యం మాత్రమే. తేడా వస్తే మూల చట్టానిదే పైచేయి.

మన దగ్గర చట్టాల పాఠాలు పెట్టే ప్రభుత్వ సైటు ఇండియా కోడ్ ఉంది, ఈ-గెజిట్ ఉంది. 2015 అక్టోబరు నుంచి కేంద్ర గెజిట్ అచ్చు వేయడం మానేసి ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. రోజువారీ పనికి ఇండియా కోడ్ చదవండి. ఒక్క మాట మీద కేసు నిలబడే పరిస్థితి వస్తే మాత్రం సవరణ చట్టాన్ని గెజిట్‌లో తెరిచి ఆ మాట చూసుకోండి.

ఇక తీర్పులు. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. సెర్చ్ పెట్టెలో నాలుగు మాటలు కొడతాం. మనకు కావాల్సిన వాక్యం అచ్చంగా మన కోసమే రాసినట్టు పసుపు రంగులో మెరుస్తూ వస్తుంది. ప్రాణం లేచొస్తుంది. కాపీ చేసి కోర్టుకిచ్చే మెమోలో పెట్టేస్తాం. కానీ ఆ వాక్యం ఎవరిది? తీర్పు అంటే జడ్జి మాటలు మాత్రమే కాదు. పిటిషనర్ తరఫు న్యాయవాది ఇలా వాదించారు అని ఒక పేరా ఉంటుంది, ప్రతివాది ఇలా అన్నారు అని ఇంకోటి. కింది కోర్టు అభిప్రాయం ఉంటుంది. పాత తీర్పులోంచి పేజీల కొద్దీ ఎత్తిరాసిన భాగం ఉంటుంది. అది దానితో ఏకీభవించడానికి కావచ్చు, ఖండించడానికి కావచ్చు. భిన్నాభిప్రాయం రాసిన జడ్జి మాటలుంటాయి. సెర్చ్ ఇంజన్‌కు ఇవన్నీ ఒకటే. కొట్టేసిన వాదనలోని వాక్యాన్ని కోర్టు నిర్ణయంగా చూపించిన మెమోలు కోర్టుల్లో కొత్తేమీ కాదు. ఎదుటి న్యాయవాది ఆ పేరా పైన రెండు లైన్లు చదివితే చాలు, మీ పని అయిపోతుంది. అందుకే దొరికిన పేరాకు పైన కనీసం రెండు పేజీలు, తర్వాత తీర్పు చివరి భాగం చదవకుండా ఏదీ వాడకండి.

అందులోనూ పాత తీర్పులకు ఒక చిక్కుంది. 1976 ఏప్రిల్ 28న వచ్చిన ఏడీఎం జబల్‌పూర్ తీర్పు ఇప్పుడు ఏ సైటులోనైనా చదవచ్చు. ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ (నిర్బంధించినవారిని కోర్టు ముందుకు తెమ్మనే ఆదేశం) కోసం కోర్టుకు వెళ్లే హక్కు లేదని నలుగురు జడ్జిలు అన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం ఆ నలుగురి మాట తప్పని తేల్చింది. అంటే ఆ తీర్పు తెరిచి మెజారిటీ భాగం చదివితే మీరు చదివేది పోయిన చట్టం. కానీ ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మారలేదు. అది ఓవర్‌రూల్ అయిందని, అంటే తర్వాతి తీర్పు దాన్ని తోసిపుచ్చిందని తెలియాలంటే ఆ పేజీని కాదు, ఆ తర్వాత వచ్చిన తీర్పులు దాన్ని ఎలా పట్టుకున్నాయో చూడాలి. ఉచిత సైట్లలో దీన్ని ఉటంకించిన తీర్పులు అన్న లింకు ఉంటుంది కదా, అందరూ పట్టించుకోకుండా వదిలేసేది అదే.

హెడ్‌నోట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. తీర్పు పైన ఉండే సారాంశం రాసింది జడ్జి కాదు, రిపోర్టరు లేదా ఎడిటర్. అమెరికా సుప్రీంకోర్టు 1906లో డెట్రాయిట్ టింబర్ కేసులోనే ఈ మాట తేల్చి చెప్పింది. ఒకరు హెడ్‌నోట్ మీద ఆధారపడి వాదిస్తే, అది కోర్టు మాట కాదు, అందులోనూ ఇక్కడ తప్పుగా ఉంది అంది. ఇప్పటికీ అక్కడి తీర్పుల సారాంశాల పైన ఆ కేసు పేరుతో హెచ్చరిక వేస్తారు. వందేళ్లు దాటినా మనం హెడ్‌నోట్ చదివే వాదిస్తున్నాం.

వార్తల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కోర్టు ఆగ్రహం, కోర్టు కీలక వ్యాఖ్య, ఇలాంటి శీర్షికలు రోజూ చూస్తుంటాం. వాటిలో చాలా భాగం విచారణలో జడ్జి నోటి వెంట వచ్చిన మాటలు. ఉత్తర్వులో ఉండవు. 2021లో మద్రాసు హైకోర్టు విచారణలో ఎన్నికల సంఘం మీద హత్య కేసు పెట్టాలన్నట్టుగా వ్యాఖ్యలు వచ్చాయి, దేశమంతా మోగిపోయింది. ఆ వ్యాఖ్యల్ని తీసేయమని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే, మే నెలలో కోర్టు ఏం చెప్పింది? అవి అధికారిక ఉత్తర్వులో లేనే లేవు, తీసేసే ప్రశ్నే రాదు, అయితే పత్రికలు విచారణను రిపోర్ట్ చేయకుండా ఆపేది లేదు అని. వార్త అబద్ధం కాదు, ఆ మాటలు నిజంగానే వచ్చాయి. కానీ వాటికి తీర్పు బలం లేదు. వార్త చదివాక కేసు నంబరు, తేదీ పట్టుకుని ఉత్తర్వు తెరవాలి. ఉత్తర్వు ఇంకా అప్‌లోడ్ కాకపోతే ఆగాలి, అంతే.

ఇంతసేపూ అధికారిక పత్రాల బలహీనతలు చెప్పాను. ఇప్పుడు వ్యాసాలు, బ్లాగుల పక్షాన కూడా కొంచెం మాట్లాడాలి. అమెరికా సుప్రీంకోర్టు 2008 జూన్ 25న కెనడీ వర్సెస్ లూసియానా తీర్పు ఇచ్చింది. పిల్లల మీద అత్యాచారానికి, బాధితులు ప్రాణాలతో ఉన్నప్పుడు, మరణశిక్ష చెల్లదన్నది. దేశంలో ఎన్ని పరిధుల్లో అలాంటి శిక్ష ఉందో లెక్కపెట్టి, ఫెడరల్ చట్టంలో లేదని రాసింది. రెండు పక్షాల బ్రీఫుల్లోనూ (రాతపూర్వక వాదనల్లోనూ) ఆ లెక్కను కాదన్నవారు లేరు. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే సైనిక చట్టం గురించి రాసే ఒక బ్లాగరు చూపించాడు: 2006లో కాంగ్రెస్ సైనిక నేర చట్టంలో ఈ నేరానికి మరణశిక్ష పెట్టింది కదా అని. న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి రాసింది. అది తమ కంటపడలేదని న్యాయశాఖ కూడా ఒప్పుకుంది. అక్టోబరులో కోర్టు పునర్విచారణకు నిరాకరించింది, ఫలితం మారలేదు. కానీ ఆ ఒక్క విషయంలో దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు కన్నా ఆ బ్లాగే సరైనది. ఎందుకని? ఆయన రాసేది తను రోజూ పనిచేసే ఇరుకైన రంగం గురించి. పైగా ఏ సవరణ, ఏ సంవత్సరం, ఎక్కడుందో చూపించాడు. ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

వ్యాసాన్ని తూచే పద్ధతి నా దృష్టిలో అదే. రాసినవారి హోదా కన్నా, చెప్పిన మాటను నేను సొంతంగా సరిచూసుకోవడానికి దారి ఇచ్చారా లేదా చూస్తాను. కోర్టులు పలుమార్లు స్పష్టం చేశాయి అని రాసి ఒక్క కేసు పేరూ ఇవ్వని వ్యాసం అక్కడే మూసేస్తాను. కేసు పేరు ఇస్తే వెళ్లి చూస్తాను, ఆ కేసులో నిజంగా ఆ మాట ఉందా అని. రెండు చోట్ల లేకపోతే మూడోది చూడను. తేదీ లేని వ్యాసం కూడా అంతే. ఎడమ మూలన అప్‌డేట్ చేసిన తేదీ ఉందని సంబరపడకండి, కొన్ని సైట్లు ఒక కామా మార్చి తేదీ మార్చేస్తాయి. లా ఫర్మ్‌ల సైట్లలో వచ్చే విశ్లేషణలు చాలా బాగుంటాయి, త్వరగా వస్తాయి. అయితే ఆ ఫర్మ్ యజమానుల తరఫున వాదించేదా, కార్మికుల తరఫునా, బ్యాంకుల తరఫునా అన్నది చూసుకుని చదవండి. అబద్ధం రాయరు, కానీ దేన్ని పైన పెట్టాలో దేన్ని అడుగున పెట్టాలో వాళ్లకు తెలుసు. ఇక పది సైట్లలో ఒకే మాట ఉంది కాబట్టి నిజమే అనుకోవడం మరో భ్రమ. ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికి చూడండి. పదింటిలోనూ ఒకే అచ్చుతప్పు కనిపిస్తే, మీ దగ్గర ఉన్నది పది ఆధారాలు కాదు, ఒకటే.

వికీపీడియా మీద సుప్రీంకోర్టు 2023 జనవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ కేసులో చెప్పింది: ఎవరైనా దిద్దగలిగే వేదికలు జ్ఞాన భాండారాలే, కానీ న్యాయ వివాదాలు తేల్చడానికి వాటిని వాడేటప్పుడు జాగ్రత్త, న్యాయవాదులు ఇంతకన్నా నమ్మదగిన ఆధారాలు తీసుకురావాలి అని. నేను వికీపీడియా చదువుతాను. చదివి కింద ఉన్న ఆధారాల దగ్గరికి వెళ్లిపోతాను.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న సంగతి. (నవ్వులు) ఏఐ. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో జడ్జి కెవిన్ కాస్టెల్ ఇచ్చిన మాటా వర్సెస్ ఏవియాంకా ఉత్తర్వు మీరు విని ఉంటారు. చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేని కేసుల్ని బ్రీఫులో పెట్టినందుకు న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. నన్ను ఆశ్చర్యపరిచింది జరిమానా కాదు. ఆ న్యాయవాది అనుమానం వచ్చి సరిచూశాడు! ఎలా? ఈ కేసు నిజమైనదేనా అని చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమే, ప్రముఖ లీగల్ డేటాబేసుల్లో దొరుకుతుంది అని అది చెప్పింది. ఎవరి మాట మీద అనుమానమో వాళ్లనే సాక్షిగా పిలిస్తే అది సరిచూడటం కాదు.

2025 జూన్ 6న లండన్ హైకోర్టు ఇలాంటివే రెండు వ్యవహారాల మీద కలిపి తీర్పు ఇచ్చింది. ఒకదానిలో 45 సైటేషన్లు (పాత కేసుల ప్రస్తావనలు) ఇస్తే 18 కేసులు అసలు లేనే లేవు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పరిశోధన చేసింది కక్షిదారే. అతని న్యాయవాది (సొలిసిటర్) దాన్ని నమ్మి దాఖలు చేశాడు. ఇది రేపు మీకు ఎదురయ్యేదే. క్లయింట్ ఫోన్‌లో చూసి ప్రింట్ తీసుకుని వస్తాడు, సార్, ఇదిగో నా కేసుకు సరిపోయే జడ్జిమెంట్లు అంటాడు. సంతకం మీది. ఇలాంటి పనికి కోర్టు ధిక్కారం దాకా వెళ్లవచ్చని ఆ కోర్టు హెచ్చరించింది.

అయితే లేని కేసు పట్టుకోవడం సులువు. సైటేషన్ కొడితే దొరకదు, అయిపోయింది. కష్టమైనది ఏమిటంటే, కేసు నిజం, సైటేషన్ నిజం, కోర్టు నిజం, అందులో చెప్పిందని ఏఐ చెప్పిన మాట మాత్రం అబద్ధం. లాయర్ల కోసమే తయారైన, సొంత డేటాబేసులో వెతికి జవాబిచ్చే ఏఐ సాధనాల్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షించారు. 17 నుంచి 33 శాతం సార్లు తప్పు పుట్టించాయని తేలింది. వాటిలో ఇలా నిజమైన కేసుకు లేని మాట అంటగట్టేవి కూడా ఉన్నాయి. సాధనాలు మెరుగుపడుతూ ఉంటాయి, ఆ శాతం మారుతుంది. నా పద్ధతి మారదు: ఏఐ కేసు పేరు చెబితే తీసుకుంటాను, పేరా నంబరు నేనే వెతుక్కుంటాను.

పత్రమే నకిలీ అయ్యే రోజులు కూడా ఇవి. సుప్రీంకోర్టు పేరుతో దొంగ వెబ్‌సైటు తయారు చేసి వివరాలు రాబడుతున్నారని 2023లో కోర్టు రిజిస్ట్రీయే ప్రకటన ఇచ్చింది. డిజిటల్ అరెస్టు మోసాల్లో కోర్టు ఉత్తర్వులనే ఫోర్జరీ చేస్తున్నారు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ మీద సీలు, సంతకం చూసి ఏదీ నమ్మకండి. కేసు నంబరు తీసుకుని కోర్టు సైటు అడ్రసు మీరే టైప్ చేసి తెరిచి, అక్కడ ఉందో లేదో చూడండి. పంపినవాళ్లు ఇచ్చిన లింకు నొక్కొద్దు.

చివరగా లింకుల గురించి. హార్వర్డ్‌కు చెందిన జిట్రెయిన్, ఆల్బర్ట్, లెసిగ్ చేసిన పరిశీలనలో, హార్వర్డ్ లా రివ్యూ, మరికొన్ని పత్రికల్లో ఇచ్చిన వెబ్ లింకుల్లో 70 శాతానికి పైగా, అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని లింకుల్లో సగం, మొదట చూపించిన సమాచారాన్ని చూపించడం లేదని తేలింది. 2011 నాటి ఒక తీర్పులో జస్టిస్ అలిటో ఇచ్చిన లింకు గడువు తీరిపోతే ఎవరో ఆ అడ్రసు కొనుక్కుని, తీర్పులో ఈ పేజీని ఉటంకించనందుకు సంతోషించండి అనే అర్థంలో ఎగతాళి చేస్తూ పేజీ పెట్టారు. (నవ్వులు) వెబ్ పేజీని ఉన్నదున్నట్టు భద్రపరిచే పర్మా డాట్ సీసీ వంటి సేవలు పుట్టింది ఈ బాధ నుంచే. మీకు అంత అవసరం లేకపోయినా, మీరు ఆధారపడిన పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచి, తేదీ రాసి పెట్టుకోండి. దావా ఏళ్ల తరబడి సాగుతుంది, పేజీ సాగదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, డబ్బు కట్టే డేటాబేసులు కొనలేనివాళ్లం. ఉచిత సైట్ల మీద ఆధారపడితే తప్పా?

తప్పేమీ కాదు. అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో 1992లో, ఆస్ట్రేలియాలో 1995లో, బ్రిటన్‌లో 2000లో చట్టాన్ని ఉచితంగా అందించే సంస్థలు మొదలయ్యాయి. మన ఇండియన్ కానూన్ 2008లో వచ్చింది. తీర్పు పాఠం ఎవరి సొత్తూ కాదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది కూడా అదే: తీర్పు అందరిదీ, ఎడిటర్లు తమ బుర్ర పెట్టి చేర్చిన వాటికే కాపీరైటు. అంటే మీరు డబ్బు కట్టేది ఆ చేర్పులకు. వాటిలో నిజంగా విలువైనది, ఈ తీర్పు తర్వాత ఏమైంది అని చెప్పే గుర్తు. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లోనే ఈ పని వ్యాపారంగా మొదలుపెట్టాడు. కానీ తీర్పు ఇక చెల్లదని హెచ్చరించే ఆ ఎర్ర గుర్తు పెట్టేది కూడా ఒక ఎడిటరే. తీర్పులో మూడు అంశాలుంటే ఒకదాని మీద ఓవర్‌రూల్ అయినా ఎర్ర గుర్తు పడుతుంది, మీకు కావాల్సిన రెండో అంశం బతికే ఉండవచ్చు. ఉచిత సైటులో ఉటంకించిన తీర్పులన్నీ మీరే తెరిచి చూడాలి, టైం ఎక్కువ పడుతుంది. డబ్బు లేకపోతే టైం పెట్టాలి. పెద్ద ధర్మాసనాల తీర్పుల నుంచి మొదలుపెట్టండి, సగం పని తగ్గుతుంది.

ప్రశ్న: ఇప్పుడు తీర్పులు తెలుగులోనూ వస్తున్నాయి కదా. వాటిని కోర్టులో చూపించవచ్చా?

అవి కక్షిదారు తన కేసులో ఏం జరిగిందో తన భాషలో తెలుసుకోవడానికి. చాలా మంచి పని. కానీ రాజ్యాంగంలోని ఆర్టికల్ 348 ప్రకారం సుప్రీంకోర్టు, మన హైకోర్టుల వ్యవహారాల భాష ఇంగ్లీషే. సుప్రీంకోర్టు తెలుగు అనువాదాల మీద కూడా అదే రాసి ఉంటుంది, ఇంగ్లీషు ప్రతే ప్రామాణికమని. క్లయింట్‌కు తెలుగు ప్రతి ఇవ్వండి, మెమోలో ఇంగ్లీషు పేరా పెట్టండి. పేరా నంబర్లు మామూలుగా రెండింటిలోనూ ఒకటే ఉంటాయి కాబట్టి వెతుక్కోవడం పెద్ద పనేమీ కాదు.